సగం చంపిన అన్నం

"ఒరేయ్, ఇవాళ బామ్మగారు నాచేత అన్నాన్ని సగం చంపించారు" అని అక్క వీడియో కాల్‌లో చెప్పినప్పుడు నాకు ముక్క అర్థం కాలేదు.

అక్క టోక్యో దగ్గర్లో ఉద్యోగం చేస్తోంది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. అక్క ఆవిణ్ణి మన పద్ధతిలో బామ్మగారు అనే అంటుంది. కిందటి సెప్టెంబరులో ఒక సెలవు రోజు ఆవిడ అక్కని వంటింట్లోకి పిలిచి, వేడి అన్నం గిన్నె ముందు పెట్టి, చేతికి ఒక చిన్న చెక్క రోకలి ఇచ్చి దంచమన్నారట. అక్క జిమ్‌లో ఉన్నట్టు దంచేస్తుంటే కంగారుగా ఆపి "హాన్‌గోరోషి, హాన్‌గోరోషి" అన్నారట. హాన్ అంటే సగం. కోరోషి అంటే చంపడం. మెతుకు సగం నలగాలి, సగం నోటికి తెలుస్తూ ఉండాలి అని దానర్థం. పూర్తిగా ముద్దయ్యేలా దంచేస్తే దాన్ని సరదాగా "మినగోరోషి" అంటారు, అంటే అందర్నీ చంపేయడం. దీని మీద వాళ్ళకి ఒక పాత జోక్ కూడా ఉంది. ఒక పల్లెటూళ్ళో రాత్రి బస చేసిన బాటసారికి పక్కగదిలోంచి ముసలి దంపతుల మాటలు వినిపిస్తాయి: "రేపు అతిథికి సగం చంపుదామా, పూర్తిగా చంపేద్దామా?" పాపం అతను రాత్రంతా నిద్రపోడు.

ఆ అన్నంతో చేసే స్వీట్ పేరు ఓహగి. దాని గురించి చదవడం మొదలుపెట్టి, జపాన్ ఇళ్ళల్లో స్వీట్లు ఎలా చేసుకుంటారు, ఎవరెవరు ఏ పని చేస్తారు అనే దాకా వెళ్ళాను. మధ్యలో మా ఇంటి సంగతి ఒకటి తగిలింది. అది కూడా చెప్తాను.

షాపు స్వీటు, ఇంటి స్వీటు

జపాన్ సంప్రదాయ స్వీట్లన్నిటినీ కలిపి వగాషి అంటారు. "వ" అంటే జపాన్‌ది, "కషి" అంటే మిఠాయి. మెయిజీ కాలంలో (1868–1912) పాశ్చాత్య దేశాల కేకులు, బిస్కెట్లు వచ్చాక, వాటి నుంచి తమవి వేరుగా చెప్పుకోవడానికి ఈ మాట వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఉత్త "కషి"యే.

మన ఫోన్లలో కనిపించే పువ్వులు, ఆకులు, పండ్లలాంటి అందమైన వగాషిని నేరికిరి అంటారు. తెల్ల చిక్కుడు గింజల పేస్టుకి రంగులు కలిపి చేత్తో మలుస్తారు. టీ సెరిమనీలో పెట్టేవి ఇలాంటివే. అది ఏళ్ళ తరబడి నేర్చుకునే పని. జపాన్ వాళ్ళు కూడా ఎక్కువగా షాపులోనే కొనుక్కుంటారు. ఇంట్లో చేసుకునేవి వేరు: ఓహగి, దాంగో, మోచి. చూడ్డానికి పెద్ద అందంగా ఉండవు. బియ్యం, చిక్కుడు జాతి గింజలు, చక్కెర, ఇంతే సరుకు. పాలు లేవు, నెయ్యి లేదు. నేను చెప్పబోయేది ఈ రెండో రకం గురించే.

అవతలి ఒడ్డు

బామ్మగారు ఓహగి చేసిన రోజుకి ఒక పేరుంది. హిగన్. ఏడాదికి రెండుసార్లు, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల చుట్టూ వస్తుంది. ఆ రోజు, దానికి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, మొత్తం ఏడు. మార్చిలో 20 లేదా 21, సెప్టెంబరులో 22 లేదా 23 మధ్య రోజు అవుతుంది. ఆ రెండు రోజులూ జపాన్‌లో జాతీయ సెలవులు. అక్కకి సెలవు దొరికింది అందుకే.

హిగన్ అంటే "అవతలి ఒడ్డు". ఇది సంస్కృత బౌద్ధ గ్రంథాల్లోని "పారం" అనే మాట నుంచి చైనా మీదుగా జపాన్ చేరింది. ఈ సంసారం ఇవతలి ఒడ్డు, విముక్తి అవతలి ఒడ్డు. ఆ రోజున సూర్యుడు సరిగ్గా పడమటనే అస్తమిస్తాడు. అమితాభ బుద్ధుడి లోకం పడమటి దిక్కున ఉందని వాళ్ళ నమ్మకం. అందుకని ఆ వారం పోయినవాళ్ళని తలుచుకుంటారు. సమాధులకి వెళ్ళి కడిగి, పూలు పెడతారు. ఇంట్లో బుత్సుదాన్ అనే చిన్న పూజా అల్మరా ముందు ఓహగి పెడతారు. ఆ తర్వాతే అందరూ తింటారు.

మన మహాలయ పక్షం కూడా కాస్త అటూ ఇటూగా ఆ రోజుల్లోనే వస్తుంది. మనం పెద్దలకి అన్నం పిండం, నువ్వులు పెడతాం. వాళ్ళు అన్నం ముద్దకి ఎర్రటి అజుకి గింజల పూర్ణం పూస్తారు, కొన్నిటికి నల్ల నువ్వుల పొడి అద్దుతారు. ఒకటి చూసి ఇంకొకరు నేర్చుకున్నారని నేననట్లేదు. కానీ అక్క ఆ అన్నం ముద్దలు చూడగానే ఒక్క నిమిషం ఏం మాట్లాడలేకపోయానని చెప్పింది. మా నానమ్మ పోయి అప్పటికి ఏడాది. అంత్యక్రియలకి అక్క రాలేకపోయింది. బామ్మగారికి వచ్చీరాని జపనీస్‌లో ఆ విషయం చెప్తే, ఆవిడ ఒక ఓహగి తీసి వేరే చిన్న ప్లేటులో పెట్టి, "ఇది మీ నానమ్మగారికి" అని తమ వాళ్ళ పక్కనే పెట్టారట.

ఎర్ర రంగు చెడుని దూరంగా ఉంచుతుందని వాళ్ళ నమ్మకం. అజుకి గింజలకి అంత గౌరవం ఉండటానికి అదొక కారణం. మన భాషలో చెప్పాలంటే దిష్టి తగలకుండా.

పేర్లలో శ్లేష

లిటరరీ క్లబ్ పత్రిక కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. ఇదే స్వీటుని వసంతంలో బోతమోచి అంటారు, శరదృతువులో ఓహగి అంటారు. బోతాన్ వసంతంలో పూసే పెద్ద పువ్వు, హగి శరత్తులో పూసే చిన్న పువ్వు. సీజన్ మారితే స్వీటు పేరు మారుతుంది.

అసలు మజా వేసవి, శీతకాలం పేర్లలో ఉంది. మోచి చేయాలంటే పెద్ద రోలులో ధనధనా దంచాలి, వీధంతా వినిపిస్తుంది. దీనికి గిన్నెలోనే మెల్లిగా నలిపితే చాలు కాబట్టి, ఎప్పుడు దంచారో పక్కింటివాళ్ళకి తెలీదు. "త్సుకి షిరజు", అంటే దంచడం తెలియనిది. అయితే జపనీస్‌లో "త్సుకి" అంటే దంచడం, చేరుకోవడం, చందమామ, మూడూ అవుతాయి. చీకట్లో ఎప్పుడు ఒడ్డుకి చేరిందో తెలియనిది రాత్రి పడవ. అందుకని వేసవిలో దీని పేరు యోఫునె, రాత్రి పడవ. చందమామ ఎప్పుడూ కనిపించనిది ఉత్తరం కిటికీ. అందుకని శీతకాలంలో దీని పేరు కితామాదో, ఉత్తరపు కిటికీ. ఒక అన్నం ముద్దకి ఇంత శ్లేష! ఈ రెండు పేర్లూ ఇప్పుడు వాడుకలో పెద్దగా లేవు. మొదటి రెండూ మాత్రం బాగానే ఉన్నాయి.

మేం చేసి చెడగొట్టిన కథ

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మా నేనూ ఓహగి ప్రయత్నించాం. అజుకి దొరకలేదు, ఎర్ర బొబ్బర్లు తెచ్చాం. రెండూ ఒకే జాతి గింజలు. జపాన్‌లో కూడా బొబ్బర్లు ఉన్నాయి, ససగె అంటారు. శుభకార్యాల్లో వండే ఎర్రన్నంలో కొందరు అజుకి బదులు ఇవే వేస్తారు. అజుకి ఉడికితే పొట్ట పగులుతుంది, అది సమురాయ్‌లు కడుపు చీల్చుకోవడాన్ని గుర్తు చేస్తుందని పాతకాలంలో ఇష్టపడేవారు కాదట.

పూర్ణాన్ని అంకో అంటారు. పద్ధతి ఇదీ. గింజలు ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోయాలి. వగరు పోతుంది. మళ్ళీ నీళ్ళు పోసి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఇట్టే నలిగేదాకా ఉడికించాలి. అప్పుడే చక్కెర. ముందే వేస్తే గింజ మెత్తబడదు. చక్కెర బరువు ఎండు గింజల బరువుకి దగ్గర్లో ఉంటుంది. చివర్లో చిటికెడు ఉప్పు. గింజలు కనిపించేలా వదిలేస్తే త్సుబుఅన్, పొట్టు తీసి మెత్తగా చేస్తే కోషిఅన్. మా అమ్మకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బొబ్బట్ల పూర్ణం ముప్పై ఏళ్ళుగా చేస్తోంది.

అన్నం దగ్గర బోల్తాపడ్డాం. నేను ఇంట్లో ఉన్న సోనా మసూరి వండేశాను. ఎంత నలిపినా ముద్ద కట్టలేదు. కట్టినట్టే కట్టి, పూర్ణం పూయగానే విడిపోయింది. చివరికి అదో రకం తీపి పులిహోరలా తయారైంది.

తర్వాత కారణం చదివాను. బియ్యంలో పిండిపదార్థం రెండు రకాలు: ఎమిలోజ్, ఎమిలోపెక్టిన్. మొదటిది నిటారు గొలుసు, రెండోది కొమ్మలు కొమ్మలుగా విస్తరించిన చెట్టు. ఎమిలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, మనకి కావలసింది అదే. జపాన్ వాళ్ళు మోచికి వాడే మోచిగోమె అనే జిగురు బియ్యంలో ఎమిలోజ్ దాదాపు ఉండదు. దానికి కారణం ఒక్క జీన్. ఎమిలోజ్ తయారు చేసే ఎంజైమ్‌కి సంబంధించిన ఆ జీన్ పనిచేయకపోతే గింజ జిగురు గింజ అవుతుంది. ప్రోగ్రాంలో ఒక్క ఫ్లాగ్ ట్రూ నుంచి ఫాల్స్ అయినట్టు. మన దేశంలో కూడా జిగురు బియ్యం ఉంది, అస్సాంలో బోరా సాల్ అంటారు. అది ఆన్‌లైన్‌లో తెప్పించి, రెండు వంతులు అదీ ఒక వంతు మామూలు బియ్యమూ కలిపి వండాం. ఈసారి ముద్ద కట్టింది. అమ్మ చేయి తడి చేసుకుని, అరచేతిలో పూర్ణం పరిచి, మధ్యలో అన్నం ఉండ పెట్టి మూసింది. చేస్తూనే గొణుక్కుంది: "పూర్ణం లోపల ఉండాలి గానీ బయట ఏంట్రా? ఇది తిరగేసిన బూరె."

ఓహగికి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఎక్కడా దొరకలేదు.

ప్రతి తేదీకి ఒక పని, ప్రతి చేతికి ఒక పని

జపాన్ క్యాలెండర్‌లో ఇలాంటి రోజులు ఇంకా ఉన్నాయి. మార్చి 3 ఆడపిల్లల పండుగ. బొమ్మలకొలువు పెట్టి, గులాబి, తెలుపు, ఆకుపచ్చ పొరలున్న వజ్రాకారపు మోచి పెడతారు. మే 5 పిల్లల పండుగ. ఆ రోజు కషివా ఆకులో చుట్టిన మోచి తింటారు. కషివా చెట్టుకి కొత్త చిగురు వచ్చేదాకా పాత ఆకులు రాలవు. ఇంట్లో తరం తెగకుండా ఉండాలని ఆ ఆకు. శరదృతువులో వెన్నెల పండుగ వస్తుంది, మన భాద్రపద పౌర్ణమికి దగ్గర్లో. కింద తొమ్మిది, దాని మీద నాలుగు, పైన రెండు, మొత్తం 15 దాంగోలు పేర్చి చంద్రుడికి పెడతారు. బియ్యప్పిండి ఉండలు చుట్టి ఉడికించడమే కాబట్టి చిన్నపిల్లలు కూడా చేసేస్తారు. కొన్ని ఊళ్ళల్లో ఆ రాత్రి పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ఈ నైవేద్యాలు దొంగిలించవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

అన్నిటికన్నా పెద్దది ఏడాది చివర్లో చేసే మోచిత్సుకి, అంటే మోచి దంచడం. ముందురోజు రాత్రి జిగురు బియ్యం నానబెడతారు. పొద్దున్న ఆవిరి మీద ఉడికించి, ఉసు అనే పెద్ద రోట్లో వేస్తారు. కినె అనేది సుత్తి ఆకారంలో ఉండే చెక్క రోకలి. దానితో ముందు నొక్కి నొక్కి నలిపి, తర్వాత దంచుతారు. ఒకరు దంచుతుంటే ఇంకొకరు రోలు పక్కన కూర్చుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య తడి చేత్తో ముద్దని తిప్పుతారు. "యోయిషో" అని చుట్టూ ఉన్నవాళ్ళు తాళం వేసినట్టు అరుస్తారు. ఆ తాళం తప్పితే దెబ్బ తిప్పేవాళ్ళ చేతి మీద పడుతుంది. పిల్లలకి చిన్న రోకలి ఇస్తారు. ముసలివాళ్ళు పిండి చల్లిన బల్ల దగ్గర కూర్చుని, వేడి ముద్ద నుంచి చిన్న చిన్న ముక్కలు గిల్లి గుండ్రంగా చేస్తారు.

దీనికీ నియమాలున్నాయి. డిసెంబరు 29న చాలామంది చేయరు, ఎందుకంటే తొమ్మిదిని పలికే "కు" అనే మాటకి బాధ అనే అర్థం కూడా ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గుండ్రటి మోచిలని, పైన ఒక నారింజ జాతి పండుతో, దేవుడి కోసం పెడతారు. దాన్ని కగామి మోచి అంటారు. ఎక్కువ ప్రాంతాల్లో జనవరి 11న తీసి తింటారు. అప్పటికి అది రాయిలా గట్టిపడి ఉంటుంది. కత్తి పెట్టరు, సుత్తితో కొడతారు. అయినా "పగలగొట్టాం" అనరు, "తెరిచాం" అంటారు. మనం బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అంటాం కదా, అలా.

చివరికి తినేటప్పుడు కూడా ఒకరికి పని ఉంటుంది. మోచి సాగుతుంది, గొంతుకి అడ్డం పడుతుంది. ప్రతి ఏడాదీ కొత్త సంవత్సరం రోజుల్లో కొందరు వృద్ధులు దీనివల్ల చనిపోతారు. చిన్న ముక్కలు చేసి తినండి, పెద్దవాళ్ళని ఒంటరిగా వదలకండి అని టోక్యో అగ్నిమాపక శాఖ హెచ్చరిస్తూనే ఉంటుంది. తాతగారి ప్లేటులో మోచిని చిన్న ముక్కలు చేసి పెట్టి, ఆయన తినేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలన్నమాట.

యంత్రం వచ్చాక

1971లో తోషిబా కంపెనీ ఇంట్లో మోచి చేసే ఎలక్ట్రిక్ యంత్రం తెచ్చింది. బియ్యం వేస్తే అదే ఉడికించి అదే ముద్ద చేస్తుంది. ప్యాకెట్ మోచి ఏడాది పొడుగునా దొరుకుతుంది. హిగన్ వారంలో సూపర్‌మార్కెట్లో ఓహగి వరసగా పేర్చి ఉంటాయి, చాలామంది అవే కొంటారు. బామ్మగారి కూతురు కూడా కొనుక్కుంటానందట. కాబట్టి జపాన్‌లో ప్రతి ఇంట్లోనూ ఇవన్నీ చేస్తారని నేను చెప్పను.

అయినా చాలా కిండర్‌గార్టెన్లలో, కాలనీ సంఘాల్లో డిసెంబరు రాగానే రోలు బయటికి తీస్తారు. అందరూ ముట్టుకున్నది తింటే నోరోవైరస్ వస్తుందన్న భయంతో కొన్నిచోట్ల పిల్లలు దంచిన మోచిని తిననివ్వరు, తినడానికి వేరేది పెడతారు. అంటే తినడానికి పనికిరాకపోయినా దంచుతున్నారు! మొదట ఇది చదివి నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, వాళ్ళు పిల్లలకి ఇస్తున్నది మోచి ముక్క ఒక్కటే కాదనిపించింది. రోలు దగ్గర నిలబడే చోటు కూడా ఇస్తున్నారు.

మా ఇంట్లో ఆ చోటు మాకెవరికీ దొరకలేదు. సంక్రాంతికి అరిసెలు నానమ్మే చేసేది. అరిసెలు కూడా నిజానికి ఒక్కరు చేసే పని కాదు. పాకం దించగానే ఒకరు తడి పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండ కట్టకుండా కలపాలి, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు నూనె ఒత్తాలి. నానమ్మ మాత్రం పాకం దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. "మీకు చేతకాదు, పాకం పోతుంది" అని అమ్మని పిండి జల్లించడానికి పంపేసేది. నన్నూ అక్కనీ అయితే "పరీక్షలున్నాయి కదా, వెళ్ళి చదువుకోండి" అనేది. మేం సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళం. ఇంగ్లీషు మీడియం పిల్లలకి చదువుకోవడం కన్నా గొప్ప పని ఇంట్లో ఇంకేం ఉంటుంది? కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాదిలోనే చెప్తారు, సిస్టమ్ అంతా ఒక్క సర్వర్ మీద నిలబెట్టకూడదని. మా ఇంటి అరిసెలన్నీ ఒక్క నానమ్మ మీద నిలబడ్డాయి. ఆవిడ పోయిన ఏడాది సంక్రాంతికి స్వీట్ షాపు నుంచి అరకేజీ తెచ్చుకున్నాం. బాగానే ఉన్నాయి. నాన్న ఒకటి సగం తిని లేచి వెళ్ళిపోయారు.

మొన్న సంక్రాంతికి నేనే అమ్మని అడిగాను, చేద్దామని. పెద్దమ్మని ఫోన్‌లో స్పీకర్ మీద పెట్టాం. నాన్న పిండి పోశారు, నేను కలిపాను, నా చేతులు మర్నాడు కూడా నొప్పి పెట్టాయి. పాకం ఉండ అయిందో లేదో నీళ్ళ పళ్ళెంలో వేసి అమ్మ చూసింది. మొదటి వాయి నూనెలో విడిపోయింది. రెండో వాయి గట్టిగా వచ్చింది. మూడో వాయి పర్లేదు. నానమ్మవిలా మాత్రం లేవు. అక్కకి ఫోటో పంపితే, బామ్మగారికి చూపించిందట. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఎలా ఉన్నాయని కాదట. "ఎవరు దంచారు, ఎవరు తిప్పారు?" అని అడిగారట.

మీ ఇంట్లో కూడా ఒకరికి మాత్రమే తెలిసిన పండగ వంట ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు రెసిపీ అడిగి నోట్స్‌లో టైప్ చేసుకోకండి. నేను నానమ్మ దగ్గర చేసిన తప్పు అదే. "బెల్లం ఎంత, పిండి ఎంత" అని ఫోన్‌లో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది ఆ నోట్. అందులో పాకం ఎప్పుడు దించాలో లేదు. చేతిలో పని ఇమ్మని అడగండి. గరిటె ఇవ్వకపోతే పిండి గిన్నె పట్టుకునైనా పక్కనే నిలబడండి.